చిట్టీలో లేనిది సంచిలో ఉండొద్దు: నిక్స్, హోమ్ మేనేజర్‌తో ఎనిమిది నెలలు

నల్లగొండలో రామగిరి దగ్గర, ఒక బట్టల దుకాణం పైన నాకో చిన్న ట్రైనింగ్ రూమ్ ఉంది. తొమ్మిది సిస్టమ్‌లు. అన్నీ సెకండ్ హ్యాండ్‌వే, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో బేరమాడి తెచ్చినవి. 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్ఎస్‌డీ, ఉబుంటు లినక్స్. పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం రెండు బ్యాచ్‌లు పైథాన్, వెబ్ నేర్చుకుంటారు. ఎక్కువమంది డిగ్రీ పిల్లలే, కనగల్ నుంచి, తిప్పర్తి నుంచి, నార్కట్‌పల్లి నుంచి బస్సులో వస్తారు. వాళ్లు కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్. దానికి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లే ఎక్స్‌టెన్షన్లు. ఈ తొమ్మిది సిస్టమ్‌లలో వాటిని అదుపులో పెట్టడానికి ఎనిమిది నెలల కింద నిక్స్ అనే ప్యాకేజ్ మేనేజర్‌ను (సాఫ్ట్‌వేర్ ఎక్కించి, తీసే పనిముట్టు), దానిమీద నడుస్తూ ఒక్కో యూజర్ ప్రోగ్రామ్‌లను, సెట్టింగ్‌లను సర్దే హోమ్ మేనేజర్‌ను పెట్టాను. రెండూ ఉచితమే, సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. పైసా ఖర్చు కాలేదు గానీ నిద్ర బాగానే ఖర్చయింది.

ముందు నా బాధేంటో చెప్పాలి, లేకపోతే ఇంత తతంగం ఎందుకని అడుగుతారు.

శనివారం శనివారం చిన్న పరీక్ష పెడతాను. ఒకసారి ఆరో నంబర్ సిస్టమ్ మీద కూర్చున్న పిల్లాడు, సోమవారం లూప్ అంటే ఏంటో చెప్పలేనివాడు, శనివారానికి ఫంక్షన్ రాసి, దానికి పైన చక్కటి ఇంగ్లిష్‌లో వివరణ కూడా రాశాడు. "ఎట్ల రాసినవ్‌రా?" అంటే "ట్యాబ్ నొక్కితే వచ్చింది సార్" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. ముందు రోజు సాయంత్రం బ్యాచ్‌లో ఎవరో కోడ్ తానే పూర్తి చేసే ఏఐ ఎక్స్‌టెన్షన్ ఒకటి ఎక్కించి పోయారు. వీడేమో అది వీఎస్ కోడ్‌తోనే వస్తుందనుకున్నాడు.

ఐదో సిస్టమ్‌లో ఒకరోజు లెక్కపెడితే 41 ఎక్స్‌టెన్షన్లు. అందులో పదకొండు రంగుల థీమ్‌లే. ఎడిటర్ తెరుచుకునేలోపు కిందికి పోయి చాయ్ తాగి రావచ్చు. రెండో సిస్టమ్‌లో ఒక ఫార్మాటర్, మూడో సిస్టమ్‌లో ఇంకో ఫార్మాటర్. పిల్లలకు సీట్లు పక్కా కాదు కదా, ఇవాళ రెండులో కూర్చున్నమ్మాయి రేపు మూడులో కూర్చుంటుంది. సేవ్ కొట్టగానే ఫైల్ అంతా కొత్త పద్ధతిలో సర్దుకుంటుంది. మార్చింది రెండు లైన్లు, కోడ్‌లో మార్పుల లెక్క రాసిపెట్టే గిట్‌లో కనిపించేది రెండు వందల లైన్ల తేడా. దిద్దేవాడిని నేను.

దానికి మందు లేదా అంటే, చాలానే ఉన్నాయి. అన్నీ వాడి చూశాను. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఫలానా ఎక్స్‌టెన్షన్లు పెట్టుకోండి అని సిఫారసు ఫైల్ రాసిపెట్టొచ్చు. అది సిఫారసే, పిల్లలు దాన్ని మూసేస్తారు. ఒక సిస్టమ్‌లోని సెట్టింగ్‌లను, ఎక్స్‌టెన్షన్లను మిగతావాటికి పంచే సెట్టింగ్స్ సింక్ వాడాలంటే మైక్రోసాఫ్ట్ లేదా గిట్‌హబ్ ఖాతాతో లాగిన్ కావాలి. పదిమంది వాడే సిస్టమ్‌లలో ఒకే ఖాతా పెడితే ఒకడు చేసిన ఆగం తొమ్మిదింటికీ పాకుతుంది. ప్రాజెక్ట్‌కు కావలసినవన్నీ ఒక డబ్బాలో పెట్టి విడిగా నడిపే కంటైనర్లు పెడదామంటే 8 జీబీ ర్యామ్ మొరాయిస్తుంది. చివరికి టెర్మినల్ నుంచి ఎక్స్‌టెన్షన్ ఎక్కించే కమాండ్‌లు వరసగా రాసి ఒక స్క్రిప్ట్ చేశాను. పేరు పక్కన ఎట్ గుర్తు పెట్టి వెర్షన్ కూడా రాయొచ్చు. ఏడాది పాటు దానితోనే నడిపాను, నిజానికి చెడ్డదేం కాదు. కాకపోతే దానికి పెట్టడమే తెలుసు. స్క్రిప్ట్‌లో ఉన్నవన్నీ ఎక్కిస్తుంది, స్క్రిప్ట్‌లో లేనివి నలభై ఉన్నా వాటి జోలికి పోదు.

ఇక్కడ మా నాయిన గుర్తుకొస్తాడు. హాలియాలో మాకు కిరాణా దుకాణం ఉండేది. పెండ్లి సామాను చిట్టీలు వచ్చేవి: కందిపప్పు ఇన్ని కిలోలు, చింతపండు ఇంత, ఎండుమిర్చి ఇంత, మంచినూనె ఇన్ని డబ్బాలు. నేను, గుమస్తా కట్టి పెట్టేవాళ్లం. ఆఖరికి నాయిన వచ్చి చిట్టీ పట్టుకుని సంచులు ఒక్కోటి చూసేవాడు. చిట్టీలో ఉన్నది సంచిలో లేకపోతే ఒక తిట్టు. చిట్టీలో లేనిది సంచిలో ఉంటే రెండు తిట్లు. "లేంది యాదికొస్తె వాళ్లే వచ్చి అడుగుతరు, ఎక్కువ పోయింది ఎవడు చెప్తడు?" అనేవాడు.

డిక్లరేటివ్ అని పుస్తకాల్లో రాసేది అదే. ఇది ఎక్కించు, అది తీసెయ్ అని ఒక్కో పని చెప్పడం కాదు. ఆఖరికి ఏమేం ఉండాలో చిట్టీ రాసి ఇస్తావు. ఉన్నదాన్ని చిట్టీకి సరిపెట్టే పని మిషన్ చూసుకుంటుంది. చిట్టీలోంచి ఒక లైన్ కొట్టేస్తే ఆ ఎక్స్‌టెన్షన్ కూడా పోతుంది. నా స్క్రిప్ట్ చేయలేనిది ఇదే.

నిక్స్ కొత్తదేం కాదు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీలో ఈల్కో డోల్‌స్ట్రా 2003లో పరిశోధనగా మొదలుపెట్టాడు, 2006లో దానిమీదే పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చాడు. అంటే వీఎస్ కోడ్ పుట్టడానికి పన్నెండేళ్ల ముందు మొదలైన పని ఇది. మామూలు ప్యాకేజ్ మేనేజర్‌లు కొత్త వెర్షన్‌ను పాతదాని నెత్తిన పెడతాయి. నిక్స్ అట్లా చేయదు. ప్రతి వస్తువునూ నిక్స్ స్టోర్ అనే చోట దాని సొంత ఫోల్డర్‌లో పెడుతుంది. ఫోల్డర్ పేరు ముందు 32 అక్షరాల హాష్ ఉంటుంది. ఆ వస్తువు దేనితో, ఎట్లా తయారైందో ఆ లెక్కంతా కలిపి తీసిన గుర్తు అది. లెక్కలో చిన్న తేడా వచ్చినా హాష్ మారుతుంది, ఫోల్డర్ మారుతుంది. అందుకే ఒకే ఎక్స్‌టెన్షన్ రెండు వెర్షన్లు పక్కపక్కన తన్నుకోకుండా ఉంటాయి. మన హోమ్ ఫోల్డర్‌లో కనిపించేవి ఆ స్టోర్‌లోకి చూపే లింకులు మాత్రమే.

నిక్స్ఓఎస్ అని దీనికి పూర్తి ఆపరేటింగ్ సిస్టమే ఉంది గానీ దాని జోలికి పోలేదు. ఉబుంటు మీదే నిక్స్ ఎక్కుతుంది. ఎక్కించిన మర్నాడు ఒక అమ్మాయి లినక్స్ క్లాసులో భాగంగా యూజర్ల పేర్లుండే పాస్‌వర్డ్ ఫైల్ తెరిచి, "సార్, మన సిస్టంల 32 మంది ఎవరో కొత్తోళ్లున్నరు" అంది. హ్యాకింగ్ అనుకుని క్లాసంతా లేచింది. ఏం లేదు, ప్యాకేజీలు కట్టే పనికి నిక్స్ 32 మంది ఉత్తుత్తి యూజర్లను తయారు చేసుకుంటుంది. వాళ్లెవరూ లాగిన్ కాలేరు. ఆ రోజు పాఠం మాత్రం దానిమీదే నడిచింది.

హోమ్ మేనేజర్ చిట్టీ చూడ్డానికి చిన్నదే. వీఎస్ కోడ్ కావాలి అని ఒక లైన్. దాని కింద ఎక్స్‌టెన్షన్ల జాబితా. నా జాబితాలో ఏడే ఉన్నాయి: పైథాన్, దానికొక ఫార్మాటర్, కోడ్, ఫలితం ఒకే చోట చూపే నోట్‌బుక్‌ల కోసం ఒకటి, వెబ్ పేజీని అక్కడికక్కడే చూపించేది, గిట్ చరిత్ర చూపించేది, స్పెల్లింగ్ తప్పులు పట్టేది, ఫైళ్లకు బొమ్మలు పెట్టేది. ఆఖరుది అవసరం లేదు, కానీ బొమ్మలు లేకపోతే పిల్లలకు ఎడిటర్ బోసిగా ఉంటుందట. ఫైల్ సేవ్ చేసి స్విచ్ కమాండ్ కొడితే పనైపోతుంది.

పనైపోతుంది అని రాశాను గానీ మొదటి సిస్టమ్‌లో పని కావడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది.

మొదటి రాత్రి నిక్స్ వీఎస్ కోడ్‌నే ఇవ్వనంది. వీఎస్ కోడ్ మూల కోడ్ ఎంఐటీ లైసెన్స్‌తో ఉచితమే అయినా మైక్రోసాఫ్ట్ కట్టి ఇచ్చే ప్రోగ్రామ్ లైసెన్స్ వేరు. నిక్స్ దాన్ని స్వేచ్ఛగా పంచుకోదగ్గ సరుకుగా లెక్కపెట్టదు. అలాంటివి కూడా నాకు సమ్మతమే అని ఫైల్‌లో విడిగా రాస్తేనే దించుతుంది. ఇది చిరాకు పెట్టినా నాకు నచ్చిన చిరాకు. ఇన్నేళ్లుగా ఆ తేడా నాకే తెలియదు. నా సొంత లాప్‌టాప్‌లో ఇప్పుడు వీఎస్‌కోడియం వాడుతున్నాను, అదే కోడ్‌ను, వాడకం లెక్కలు మైక్రోసాఫ్ట్‌కు పంపే టెలిమెట్రీ తీసేసి కట్టింది. దానికి ఎక్స్‌టెన్షన్లు ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఓపెన్ వీఎస్ఎక్స్ అనే భాండాగారం నుంచి వస్తాయి. అక్కడ దొరకనివి కొన్ని ఉన్నాయి. పైథాన్ కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే పైలాన్స్ ఎక్స్‌టెన్షన్‌నైతే దాని లైసెన్స్ ప్రకారం మైక్రోసాఫ్ట్ ఎడిటర్లలోనే వాడాలి. ల్యాబ్‌లో మాత్రం వీఎస్ కోడే ఉంచాను. ఇంటర్వ్యూలో ఆ పేరే అడుగుతారని పిల్లల భయం.

రెండో రాత్రి కథ హాష్‌ది. పేరున్న ఎక్స్‌టెన్షన్లు నిక్స్ వాళ్ల సొంత భాండాగారం నిక్స్‌ప్యాకేజెస్‌లో ముందే ఉంటాయి, పేరు రాస్తే చాలు. నాకు కావలసిన ఏడులో ఐదు అక్కడున్నాయి, రెండు లేవు. లేనివాటికి ప్రచురించినవాళ్ల పేరు, ఎక్స్‌టెన్షన్ పేరు, వెర్షన్, హాష్ నాలుగూ రాసిస్తే వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లకు మైక్రోసాఫ్ట్ నడిపే మార్కెట్‌ప్లేస్ నుంచి తెస్తుంది. హాష్ ఎక్కడి నుంచి తేవాలి? ఇక్కడ అందరూ చేసే దొంగపని ఒకటుంది. హాష్ బదులు ఉత్త సున్నాల్లాంటి నకిలీది రాసి స్విచ్ కొట్టాలి. నువ్వు చెప్పింది ఇది, నాకొచ్చింది ఇది, రెండూ కలవట్లేదు అని ఎర్రగా తిడుతూ అసలు హాష్ చూపిస్తుంది. దాన్ని ఎత్తి ఫైల్‌లో అతికించాలి. ఒక గొప్ప పరిశోధన మీద కట్టిన సాఫ్ట్‌వేర్‌ను తిట్టించుకుని వాడటం నాకు ఇప్పటికీ వింతే. తర్వాత తెలిసింది, నిక్స్ కమ్యూనిటీ వాళ్లు మార్కెట్‌ప్లేస్, ఓపెన్ వీఎస్ఎక్స్ రెండింటిలోని ఎక్స్‌టెన్షన్లకూ హాష్‌లు తీసి రోజూ తాజా చేసే జాబితా ఒకటి నడుపుతున్నారు. దాన్ని కలుపుకున్నాక ఈ బాధ పోయింది. ముందే తెలిస్తే ఒక రాత్రి మిగిలేది.

హాష్ అంటే భద్రత అని కొందరు గట్టిగా చెబుతారు. సగమే నిజం. మొన్న వచ్చిన సంచే ఇవాళా వచ్చింది, మధ్యలో ఎవరూ మార్చలేదు అని హాష్ చెబుతుంది. సంచిలో పప్పు పుచ్చిందో మంచిదో చెప్పదు.

మూడో రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిక్స్‌లో ఫ్లేక్ అనే పద్ధతి ఉంది. దానిలో లాక్ ఫైల్ ఒకటి ఉంటుంది, ఏ రోజు భాండాగారం నుంచి సరుకు తేవాలో అది గట్టిగా కట్టేస్తుంది. తొమ్మిది సిస్టమ్‌లలో ఒకే సరుకు రావాలంటే అదే కావాలి. 2021లో వచ్చిన ఈ పద్ధతి ఇప్పటికీ ప్రయోగ దశలోనే ఉందని అంటారు, కానీ వాడేవాళ్లలో చాలామంది దాన్నే వాడతారు. సరే, ఎక్స్‌టెన్షన్ల జాబితాను వేరే ఫైల్‌లో పెట్టి మెయిన్ ఫైల్ నుంచి పిలిచాను. అలాంటి ఫైల్ లేదంది. ఫోల్డర్‌లో ఉంది, కళ్లముందే కనిపిస్తోంది. పేరు మార్చాను, చోటు మార్చాను, అనుమతులు మార్చాను. రెండు గంటల తర్వాత తెలిసింది: ఫోల్డర్ గిట్‌లో ఉంటే, గిట్‌కు చేర్చని ఫైల్ ఫ్లేక్ కంటికి ఆనదు. కమిట్ కూడా అక్కర్లేదు, యాడ్ చేస్తే చాలు. ఒక్క ముక్క ఆ ఎర్రర్‌లోనే చెబితే ఏం పోయింది?

నాలుగో రాత్రి ఉబుంటు వంతు. ఎనిమిది సిస్టమ్‌లు పాత 22.04 మీద ఉన్నాయి, బాగానే తెరుచుకున్నాయి. తొమ్మిదోది 24.04. దానిలో నిక్స్ ఇచ్చిన వీఎస్ కోడ్ తెరవగానే సాండ్‌బాక్స్ గురించి ఏదో గొణిగి ఆరిపోయింది. ప్రోగ్రామ్‌ను విడిగా కట్టేసి నడిపే ఈ సాండ్‌బాక్స్‌కు నేమ్‌స్పేస్‌లు అనే విడి గదులు కావాలి. మామూలు యూజర్లు వాటిని తయారు చేసుకోకుండా ఉబుంటు కొత్త వెర్షన్లలో ఆప్‌ఆర్మర్ అనే భద్రతా వ్యవస్థతో కట్టడి పెట్టారు. మామూలుగా ఎక్కించిన ప్రోగ్రామ్‌లకు మినహాయింపు ఉంటుంది, నిక్స్ స్టోర్‌లో ఉన్నదానికి ఎవరిస్తారు? ఆ దారికి ఒక ఆప్‌ఆర్మర్ ప్రొఫైల్ నేనే రాసి పెట్టాక తెరుచుకుంది.

భాష సంగతి ఒక్క మాట. నిక్స్ భాషలో జాబితాలోని వస్తువుల మధ్య కామా పెట్టకూడదు, ఖాళీ వదలాలి. కానీ ఒక్కో సెట్టింగ్ ఆఖరుకు సెమీకోలన్ తప్పనిసరి. పైథాన్ నేర్పేవాడికి ఇంతకంటే శిక్ష ఉండదు. ఎర్రర్ వస్తే పాము చుట్టల్లా ముప్పై నలభై లైన్లు వస్తుంది, నీ తప్పు అడుగునెక్కడో ఉంటుంది. నెట్‌లో దొరికే వివరాలు కూడా సగం పాత పద్ధతివి, సగం కొత్త పద్ధతివి. నేను మొదలుపెట్టిన తర్వాత హోమ్ మేనేజర్‌లోనే ఎక్స్‌టెన్షన్ల జాబితా చోటు మారి ప్రొఫైల్స్ కిందికి పోయిందని హెచ్చరిక వచ్చింది. పాతది రాసినా నడిచింది, అంతవరకు మర్యాదే.

ఇక పిల్లల స్పందన. సెట్టింగ్‌లు కూడా చిట్టీలోనే రాయొచ్చు కదా అని ఉత్సాహంగా అవీ రాసేశాను. మొదటి రోజే తలనొప్పి. "సార్, లైట్ థీమ్ పెట్టుకోనిస్తలేదు." "సార్, అక్షరాలు పెద్దగ చేస్తే ఏదో ఎర్రరొస్తుంది." నిక్స్ స్టోర్‌లో ఉన్నది చదవడానికే, రాయడానికి కాదు. సెట్టింగ్‌ల ఫైల్ అక్కడికి లింక్ అయితే ఎడిటర్‌లో ఏది నొక్కినా సేవ్ కాదు. వెనుక బెంచీలో ఒకమ్మాయికి చూపు తక్కువ, అక్షరాలు పెద్దవి లేకపోతే చదవలేదు. ఆమె పని చేసుకోలేకపోవడానికి కారణం నా తెలివి. ఆ సాయంత్రమే సెట్టింగ్‌ల భాగం మొత్తం తీసేశాను. ఫార్మాటర్ ఏది, స్పేస్‌లు ఎన్ని లాంటి తప్పనిసరి నాలుగు మాత్రం ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోని సెట్టింగ్స్ ఫైల్‌లో పెట్టాను. రంగు, సైజు ఎవరిష్టం వారిది.

ఎక్స్‌టెన్షన్ల ఫోల్డర్ విషయంలో మాత్రం కఠినంగానే ఉన్నాను. హోమ్ మేనేజర్‌లో దీనికి ఒక మీట ఉంది. మామూలుగా వదిలేస్తే చిట్టీలోవి నిక్స్ చూసుకుంటుంది, పిల్లలు పైన తమకు నచ్చినవి చేర్చుకోవచ్చు, అట్లా చేర్చుకున్నవి నేను చిట్టీ మార్చినా పోవు. ఆ మీట ఆపేస్తే ఫోల్డర్ మొత్తం స్టోర్‌కు లింక్ అవుతుంది. సంచి మూతి కుట్టేసినట్టు. మార్కెట్‌ప్లేస్ తెరిచి ఇన్‌స్టాల్ నొక్కితే ఎర్రర్ వస్తుంది. ఎక్స్‌టెన్షన్లు తమంతట తాము అప్‌డేట్ కూడా కాలేవు. శనివారం పరీక్షల్లో ట్యాబ్ మహిమ ఆగిపోయింది. నాకు ఈ ఒక్కటి చాలు.

దీనికి ఒక ముల్లు ఉంది. కొన్ని ఎక్స్‌టెన్షన్లు మొదటిసారి తెరవగానే ఇంకేదో ప్రోగ్రామ్ దించుకుని తమ ఫోల్డర్‌లోనే పెట్టుకోవాలని చూస్తాయి. మూతి కుట్టిన సంచిలో అది కుదరదు. నిక్స్‌ప్యాకేజెస్‌లో ఉన్నవాటిని వాళ్లు ముందే సరిచేసి పెడతారు. మార్కెట్‌ప్లేస్ నుంచి నేరుగా తెచ్చుకున్నవాటికి ఆ పూచీ లేదు. ఆ ఏడు కాక ఇంకో రెండు నేను వదిలేసుకున్నది ఈ కారణంతోనే.

ఇప్పుడు బాగున్న సంగతులు. నేను ఊహించని చోట బాగున్నాయి.

ఎండాకాలంలో కరెంట్ ఎప్పుడు పోతుందో తెలియదు, మా యూపీఎస్ పది నిమిషాలు మొయ్యదు. స్క్రిప్ట్ రోజుల్లో మధ్యలో కరెంట్ పోతే సగం ఎక్కిన ఎక్స్‌టెన్షన్లతో సిస్టమ్ రెంటికీ చెడేది. నిక్స్ కొత్త సరుకంతా పక్కన కట్టి పెట్టుకుని, అన్నీ సిద్ధమయ్యాకే లింకులు మారుస్తుంది. కట్టే మధ్యలో కరెంట్ పోయినా పాతది పాతదే, క్లాసుకు ఢోకా లేదు.

జనవరిలో అనుకుంటాను, ఆదివారం రాత్రి లాక్ ఫైల్ తాజా చేసి తొమ్మిదింటికీ ఎక్కించాను. సోమవారం ఎనిమిదింటికి పిల్లలొచ్చేసరికి నోట్‌బుక్‌లు తెరుచుకోవట్లేదు. ఒక ఎక్స్‌టెన్షన్ కొత్త వెర్షన్‌కు, ఇంకోదానికి పొసగలేదు. మునుపైతే ఆ రోజు క్లాసు పోయినట్టే. హోమ్ మేనేజర్ ప్రతి మార్పునూ ఒక జనరేషన్‌గా దాచి ఉంచుతుంది. జాబితాలో ముందటి జనరేషన్ చూసి దాన్ని ఆక్టివేట్ చేస్తే ఆదివారం మధ్యాహ్నం ఎట్లుందో అట్లా తిరిగొచ్చింది. సిస్టమ్‌కు నిమిషం. డౌన్‌లోడ్ లేదు, పాత సరుకు స్టోర్‌లోనే ఉంది కదా. తొమ్మిదీ సర్దేసరికి ఎనిమిదీ ఇరవై.

పాత సరుకు ఉండటం వల్లే ఇంకో సమస్య. మూడు నెలలకు ఒక సిస్టమ్‌లో స్టోర్ 40 జీబీకి పెరిగింది. 240లో 40 అంటే నాలాంటివాడికి ఎక్కువే. ఇప్పుడు నెలకోసారి ముప్పై రోజులు దాటిన జనరేషన్లను తీసేసి చెత్త ఊడ్చే కమాండ్ కొడుతున్నాను. దీన్ని మర్చిపోతే డిస్క్ నిండి సిస్టమ్ నిలబడిపోతుంది, చెప్పలేదనొద్దు.

డేటా గురించి కూడా. మొదటి సిస్టమ్‌కు దాదాపు 2 జీబీ దిగింది. తొమ్మిదింటికీ విడివిడిగా దించితే మా కనెక్షన్ గతి అధోగతే. ఒకదానిలో దించినదాన్ని లోకల్ నెట్‌వర్క్ మీదుగా మిగతావాటికి పంపే కాపీ కమాండ్ నిక్స్‌లోనే ఉంది. మొదట పంపితే అవతలి సిస్టమ్ సంతకం లేదని తిప్పికొట్టింది. నిక్స్ వాళ్లు ముందే కట్టి ఉంచే కాష్ అనే సర్వర్ నుంచి వచ్చినవాటికి సంతకం ఉంటుంది, మన దగ్గర కట్టినవాటికి ఉండదు. మనమే ఒక తాళం చెవి తయారు చేసి సంతకం పెట్టి, అవతల ఆ చెవిని నమ్మమని రాయాలి. ఒక పూట పని. తర్వాత తొమ్మిది సిస్టమ్‌లకూ కలిపి పావుగంట.

పాలమూరులో ల్యాబ్ నడిపే దోస్తుకు నా ఫైల్ పంపాను. ఆయనది మ్యాక్. సిస్టమ్ రకం, యూజర్ పేరు, హోమ్ దారి మార్చుకుని గంటలోపే అవే ఏడు ఎక్స్‌టెన్షన్లు తెచ్చుకున్నాడు. నాకు నాలుగు రాత్రులు పట్టిందంటే నవ్వాడు. ముందు నడిచినవాడికే ముళ్లని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మరి ఎవరికి వద్దంటాను? మా పిల్లలకే వద్దంటాను. వాళ్ల సొంత లాప్‌టాప్‌లన్నీ విండోస్. నిక్స్ విండోస్ మీద నేరుగా నడవదు, విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ లోపల నడుస్తుంది. అక్కడ పెట్టినా బయట విండోస్‌లో ఉన్న వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లు దాని చేతికి రావు. ఒక్క లాప్‌టాప్, పది ఎక్స్‌టెన్షన్లు ఉన్నవాళ్లకు సెట్టింగ్స్ సింక్ చాలు, హాయిగా పడుకోండి. వారానికోసారి కొత్త ఎక్స్‌టెన్షన్ చూడాలని చేయి దురద పెట్టేవాళ్లకూ ఇది సరిపడదు. ప్రతిదానికీ ఫైల్ తెరిచి, లైన్ రాసి, స్విచ్ కొట్టి కూర్చోవాలంటే వారంలో విసుగొస్తుంది. రెండుకు మించి సిస్టమ్‌లు చూసుకోవాల్సినవాళ్లు, గిట్ బాగా తెలిసినవాళ్లు, ఎర్రర్ చదివే ఓపిక ఉన్నవాళ్లు అయితే పెట్టుకోండి. మొదటి వారాంతం ఖాళీ ఉంచుకోండి. నాకైతే ఐదుకు నాలుగు. తగ్గించిన ఆ ఒక్క మార్కు మూడో రాత్రిది.

పోయిన నెల ఆరో నంబర్ పిల్లాడే, అదే ట్యాబ్ పిల్లాడు, నా దగ్గరికొచ్చి "సార్, సీఎస్‌వీ ఫైల్‌ల కాలమ్స్‌కు రంగులేసేది ఒకటుంది, మన లిస్టుల పెట్టుండ్రి" అన్నాడు. నువ్వే రాసి పంపమన్నాను. రాసి గిట్‌లో పంపాడు. మధ్యలో కామా పెట్టాడు, స్విచ్ కొడితే నలభై లైన్ల ఎర్రర్. పక్కన కూర్చోబెట్టుకుని అడుగు నుంచి చదివించాను. కామా తీసేశాం, జాబితా ఎనిమిదయింది. ఎనిమిది, తొమ్మిది నంబర్ సిస్టమ్‌లకు మాత్రం పోయిన వారం ఎక్స్‌టెన్షన్ల ఫోల్డర్ మీట తిరిగి తెరిచి వదిలేశాను. కొత్తవి ఎక్కించి చూడాలనుకునేవాళ్లు అక్కడ కూర్చోవచ్చు, శనివారాలు తప్ప.